పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయమా, దగ్గరి పీజీ కళాశాలా? మా అమ్మాయి ఎం.ఎస్సీ. విషయంలో సలహా కావాలి

పలమనేరు రైతు

పెద్దలందరికీ నమస్కారం. మాది పలమనేరు దగ్గర పల్లె. రెండెకరాల మల్బరీ తోట, పట్టుపురుగుల పెంపకం మా జీవనాధారం. మా పెద్దమ్మాయి ఇంటర్ దాకా తెలుగు మాధ్యమంలో చదివి, ఆ తరువాత పక్క ఊరి కళాశాలలో కెమిస్ట్రీ ప్రధానాంశంగా బి.ఎస్సీ. పూర్తి చేసింది. పీజీ ప్రవేశ పరీక్ష పీజీసెట్‌లో మంచి ర్యాంకే వచ్చింది. ఇప్పుడు వెబ్ ఆప్షన్లు, అంటే ఏ కళాశాల ముందు ఏది తరువాత అన్నది ఆన్‌లైన్‌లో, పెట్టవలసిన సమయం వచ్చింది కాబట్టి మీ ముందుకు వచ్చాను.

మా ముందు మూడు దారులున్నాయి. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం మొదటిది, అక్కడే ఉన్న శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం రెండవది. ఇంటి నుంచి రోజూ బస్సులో వెళ్లి రాగలిగిన ఒక ప్రైవేటు పీజీ కళాశాల మూడవది. అమ్మాయి మనసు మొదటిదాని మీద ఉంది. నా భయం వేరు. డిగ్రీలో దాని తరగతిలో ఉన్నది పద్దెనిమిది మందే. రెండు రోజులు వరుసగా వెళ్లకపోతే కెమిస్ట్రీ మేడమ్ గారే ఇంటికి ఫోన్ చేసి, పాపకు ఒంట్లో బాగాలేదా అని అడిగేవారు. అది సహజంగానే మాట తక్కువ పిల్ల. అర్థం కాకపోయినా లేచి అడగదు. అలాంటి పిల్లను వేలమంది ఉండే చోట వదిలితే, ఎవరి కంటా పడకుండా రెండేళ్లు గడిపి, చేతిలో ఒక కాగితం మాత్రం పట్టుకొని వస్తుందేమోనని నాకు దిగులుగా ఉంది. నేను ఇంటర్‌తో ఆపేసినవాడిని, పెద్ద చదువుల లోపలి సంగతులు నాకు తెలియవు. అక్కడ చదివినవారు, చదువు చెప్పినవారు మంచిచెడ్డలు రెండూ దాచకుండా చెప్పాలని కోరుతున్నాను.

హైదరాబాద్‌లో ఉంటున్న పాత విద్యార్థిని

అన్నగారూ, మాది పుంగనూరు వైపు పల్లె. పన్నెండేళ్ల క్రితం సరిగ్గా మీ అమ్మాయి లాంటి స్థితిలోనే నేను మన రాష్ట్రంలోని ఒక పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్సీ. ఆర్గానిక్ కెమిస్ట్రీలో చేరాను. ఇక్కడ కొన్ని చేదు సంగతులు కూడా రాస్తున్నాను కాబట్టి దాని పేరు చెప్పను.

మీ భయం అబద్ధం కాదు. మొదటి రెండు నెలలు నేను తరగతిలో నోరు తెరవలేదు, తెరవలేదన్న సంగతిని ఎవరూ గమనించనూ లేదు. ప్రాక్టికల్స్‌లో ఒక్క బ్యూరెట్ దగ్గర నలుగురం నిలబడేవాళ్లం. చురుకైనవారొకరు టైట్రేషన్ చేస్తే, మిగిలిన ముగ్గురం రీడింగులు రాసుకొని రికార్డు నింపేవాళ్లం. ఒక పేపరుకు సెమిస్టరు సగం గడిచేదాకా పాఠం చెప్పేవారే రాలేదు. నాన్నకు ఫోన్ చేసి తిరిగి వచ్చేస్తానని ఏడ్చిన రోజులున్నాయి.

మార్పు తరగతి గదిలో రాలేదు, వరండాలో వచ్చింది. మా శాఖలో సాయంత్రం ఐదు దాటాక ఎం.ఎస్సీ. విద్యార్థులందరూ హాస్టళ్లకు వెళ్లిపోయేవారు, పరిశోధక విద్యార్థుల ప్రయోగశాలల్లో మాత్రం రాత్రి తొమ్మిదింటిదాకా దీపాలు వెలిగేవి. ఒకరోజు ఒక సీనియర్ అక్క కాలమ్ వేస్తూ, అంటే గాజుగొట్టంలో మిశ్రమాన్ని పదార్థాలుగా విడదీస్తూ, చేతులు ఖాళీ లేక, తలుపు దగ్గర నిలబడి చూస్తున్న నన్ను పిలిచి పరీక్షనాళికలు వరుసగా అందించమంది. ఆ రోజు అందించడమే చేశాను. వారం తిరిగేసరికి, పదార్థాలను విడదీసి చూపే టీఎల్సీ ప్లేటు మీద చుక్కలు పెట్టడం, అతినీలలోహిత దీపం కింద వాటిని చూసి ఏ నాళికలో ఏ పదార్థం దిగిందో చెప్పడం నేర్చుకున్నాను. డిగ్రీలో, పదార్థం కాంతిని ఎంత పీల్చుకుంటుందో కొలిచే స్పెక్ట్రోఫోటోమీటరును పుస్తకంలోని బొమ్మగానే చూసిన నేను, నాలుగో సెమిస్టరు నాటికి ఐఆర్ (పరారుణ) స్పెక్ట్రంలో కార్బొనిల్ గీత ఎక్కడ వస్తుందో పుస్తకం తెరవకుండా చూపించగలిగాను. ఆ తరువాత ఒక మందుల కంపెనీ ఇంటర్వ్యూలో, మిశ్రమాన్ని విడదీసి గ్రాఫు గీసే హెచ్‌పీఎల్సీ యంత్రంలో శిఖరం వెనుకవైపు తోకలాగా సాగితే ఏమేమి తనిఖీ చేస్తావని అడిగారు. కాలమ్ పాతబడిందేమో చూస్తాను, మొబైల్ ఫేజ్ (కాలమ్‌లో పారే ద్రావణం) పీహెచ్ సరిచూస్తాను అని వెంటనే చెప్పగలిగాను. ఆ అక్క అదే చిక్కుతో రెండు రోజులు కుస్తీ పట్టగా పక్కనే కూర్చుని చూసిన అనుభవం అది. రోజూ బస్సులో వెళ్లివచ్చే చిన్న కళాశాలలో చేరి ఉంటే ఆ జవాబు నా దగ్గర ఉండేది కాదు. ఎందుకంటే, అలాంటి చోట పీహెచ్.డీ. చేసేవారే సాధారణంగా ఉండరు.

కాబట్టి పెద్ద విశ్వవిద్యాలయంలో సరుకు ఉంటుంది కానీ దాన్ని ఎవరూ తెచ్చి విస్తట్లో వడ్డించరు అని మీ అమ్మాయికి ముందే చెప్పండి. మాట తక్కువైతే ఫరవాలేదు, నాకూ తక్కువే. అయితే సాయంత్రం ఐదింటికి హాస్టల్ దారి పట్టకూడదు.

విశ్రాంత అధ్యాపకుడు, చిత్తూరు

అయ్యా, అనుబంధ కళాశాలల్లో 31 ఏళ్లు రసాయన శాస్త్రం బోధించాను. చిన్న కళాశాల అనగానే చిన్నచూపు చూడవద్దని మొదట మనవి చేస్తున్నాను. మదనపల్లెలో 1915లో అనీబిసెంట్ చొరవతో మొదలైన థియొసాఫికల్ కళాశాలకు 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ వచ్చి, కొద్ది రోజులు ఉండి, జనగణమనకు ఆంగ్లానువాదం చేసింది అక్కడే. మీ అమ్మాయి ఇంటికి ఫోన్ చేసిన ఆ మేడమ్ వంటివారు డిగ్రీ విద్యకు ప్రాణం. ఆ మూడేళ్లు ఆమె దగ్గర చదవడం మీ అమ్మాయి అదృష్టం.

అయితే పీజీకి వచ్చేసరికి నా అభిప్రాయం మారుతుంది. డిగ్రీలో ఒక్క మంచి గురువు ఉన్నా బండి నడుస్తుంది. ఎం.ఎస్సీ. కెమిస్ట్రీలో ఆర్గానిక్, ఇనార్గానిక్, ఫిజికల్, ఎనలిటికల్ అని నాలుగు ప్రపంచాలుంటాయి, ఒక్కొక్కదానికి దానిలోనే మునిగితేలినవారు కావాలి. నాకు తెలిసిన కొన్ని ప్రైవేటు పీజీ కళాశాలల్లో ఉదయం డిగ్రీకి పాఠం చెప్పిన ఇద్దరు ముగ్గురే మధ్యాహ్నం పీజీకి నాలుగు విభాగాలూ చెబుతారు. వారి శ్రమను తక్కువ చేయడం లేదు, నేనూ అలా చెప్పినవాడినే. క్వాంటం కెమిస్ట్రీ పాఠానికి ముందురోజు రాత్రి కూర్చుని చదువుకొని వెళ్లి, విద్యార్థి రెండో ప్రశ్న వేస్తే జవాబు లేక నిలబడిన రోజులు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. పైగా అనుబంధ కళాశాల స్వయంప్రతిపత్తి కలది కాకపోతే పాఠ్యప్రణాళిక, పరీక్ష, డిగ్రీ అన్నీ విశ్వవిద్యాలయానివే అవుతాయి. అటువంటప్పుడు, దారిదూరం అనే కారణం తప్ప, ఆ మూలస్థానాన్నే వదులుకోవలసిన అవసరం నాకు కనిపించదు.

ఇంకొక మాట, కొంచెం పక్కకు వెళ్తున్నానని అనుకోకండి. ఈ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఇక్కడ ఎందుకుందో మీ అమ్మాయికి తెలియాలి. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడి, అది వాల్తేరులో స్థిరపడినప్పుడు, రాయలసీమ పిల్లలకు ఉన్నత విద్య అందదన్న ఆవేదన ఇక్కడివారిలో బలంగా ఉండేది. అందుకే 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో, అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం ఉండాలన్న అంశాన్ని నీటి పారుదల, రాజధాని, హైకోర్టు విషయాలతో సమానంగా చేర్చారు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడాది, 1954లో, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వెలిసింది. ఆచార్య గోవిందరాజులు నాయుడు గారు తొలి ఉపకులపతి. దాని అనంతపురం పీజీ కేంద్రమే తరువాత 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైంది. అంటే మీ అమ్మాయి వంటి మొదటి తరం విద్యార్థుల కోసమే పెద్దలు అడిగి సాధించుకున్న చోటు అది. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఉమ్మడి చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు, నెల్లూరు జిల్లాలు ఒకే స్థానిక ప్రాంతం కిందికి వస్తాయి, సీట్లలో 85 శాతం ఆ ప్రాంతం వారివే. అక్కడికి వెళ్లే అర్హత మనకు ఎవరో దయతో ఇచ్చింది కాదు.

లోపాలు దాచను. రాష్ట్ర విశ్వవిద్యాలయాలన్నింటిలో ఏళ్ల తరబడి శాశ్వత అధ్యాపకుల ఖాళీలు పేరుకుపోయాయి. 2023లో 3,220 పోస్టులకు ఒకేసారి ప్రకటన వెలువడిందంటే కొరత ఎంత లోతుగా ఉందో ఊహించవచ్చు. ఆ నియామకాలు కూడా కోర్టు వ్యాజ్యాల్లో చిక్కుకున్నాయి. పాఠాల భారంలో ఎక్కువ భాగం అకడమిక్ కన్సల్టెంట్లు, గెస్ట్ అధ్యాపకులు మోస్తున్నారు. వారిలో అద్భుతంగా చెప్పేవారు ఉన్నారు, కానీ వచ్చే ఏడాది ఉంటామో ఉండమో తెలియని మనిషి విద్యార్థి ప్రాజెక్టును రెండేళ్లు వెన్నంటి నడిపించడం కష్టం. అందువల్ల పేరు చూసి ఆగిపోకుండా, ఆప్షను పెట్టేముందు ఒక రోజు అమ్మాయిని వెంటబెట్టుకొని నేరుగా శాఖకు వెళ్లండి. ఆర్గానిక్ విభాగంలో శాశ్వత ఆచార్యులు ఎందరు, స్పెక్ట్రోస్కోపీ ఎవరు చెబుతారు, ఎం.ఎస్సీ. విద్యార్థులను పరికరాల మీద చేయి పెట్టనిస్తారా అని అడగండి. ఆ ప్రశ్నలను అమ్మాయి చేతనే అడిగించండి. మీరు వెనుక నిలబడండి.

శ్రీకాళహస్తి అక్క

చదువు సంగతి పైవారు చెప్పారు. నేను కార్యాలయం సంగతి చెబుతాను, ఎందుకంటే మా తమ్ముడు దెబ్బతిన్నది అక్కడే. వాడు చదివిన ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఏదన్నది అప్రస్తుతం. చివరి సెమిస్టరు ఫలితాలు ఆలస్యమయ్యాయి, వచ్చాక ఒక సబ్జెక్టులో గైర్హాజరు అని పడింది. వాడు పరీక్ష రాశాడు, హాజరు పట్టికలో సంతకమూ ఉంది. దాన్ని సరిచేయించడానికి దాదాపు నాలుగు నెలలు పట్టింది. ఒక గదిలో అడిగితే ఇంకో గదికి వెళ్లమనేవారు, అక్కడికి వెళితే సంబంధిత గుమస్తా సెలవులో ఉండేవారు. ఈలోగా ప్రొవిజనల్ (తాత్కాలిక డిగ్రీ) సర్టిఫికెట్, అన్ని సెమిస్టర్ల కన్సాలిడేటెడ్ మార్కుల మెమో సమర్పించవలసిన గడువు దాటిపోయి, చేతికి వచ్చిన ఉద్యోగం పోయింది. ఇన్నేళ్లయినా ఆ వేసవి తలచుకుంటే మా అమ్మకు కళ్లు చెమరుస్తాయి.

దీనివల్ల పెద్ద విశ్వవిద్యాలయం వద్దు అనడం లేదు. వేలమంది కాగితాలు కదిలే చోట ఒక్క కాగితం తప్పిపోవడం సులభం, దాన్ని వెతికించుకునే బాధ్యత విద్యార్థి నెత్తిన పడుతుంది. పరీక్ష ఫీజు రసీదు, హాల్ టికెట్, ప్రతి సెమిస్టరు మార్కుల జాబితా, అన్నింటినీ నకలు తీసి ఒక ఫైలులో పెట్టుకోమనండి. అర్జీ ఇస్తే రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోకుండా కిటికీ వదలవద్దని చెప్పండి. మా తమ్ముడు మొదటి అర్జీకి ముద్ర వేయించుకోలేదు. నెల తరువాత, అసలు నువ్వు అర్జీ ఇచ్చినట్టు ఆధారమేది అన్నారు.

పలమనేరు రైతు

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మీ మాటలన్నీ అమ్మాయికి చదివి వినిపించాను. వరండా సంగతి మాత్రం రెండుసార్లు చదివించుకుంది. మరో రెండు సందేహాలు ఉన్నాయి. హాస్టల్ ఖర్చు ఎలా ఉంటుంది? ఆడపిల్ల కాబట్టి మహిళా విశ్వవిద్యాలయమే మేలని మా ఇంట్లో ఆడవాళ్లు అంటున్నారు, దాని మీద మీ అభిప్రాయం ఏమిటి?

పరిశోధక విద్యార్థిని, తిరుపతి

అన్నా, నేను ప్రస్తుతం తిరుపతిలోనే పీహెచ్.డీ. చేస్తున్నాను. విశ్వవిద్యాలయ హాస్టళ్లలో సాధారణంగా మెస్ డివైడింగ్ పద్ధతిలో నడుస్తుంది. నెలలో సరుకులకు, గ్యాసుకు, వంటవారికి అయిన మొత్తాన్ని తిన్నవారి రోజుల లెక్కన పంచుతారు కాబట్టి బిల్లు ప్రతి నెలా ఒకేలా ఉండదు. ఊరికి వెళ్లేటప్పుడు మెస్ సెలవు రాసి వెళ్లకపోతే ఆ రోజుల డబ్బు కూడా పడుతుంది, కొత్తవారు ఈ పొరపాటు తరచుగా చేస్తారు. స్కాలర్‌షిప్ సొమ్ము ఆలస్యమైనా మెస్ బిల్లు ఆగదు, కనుక మొదటి మూడు నాలుగు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోవడం మంచిది. అలాగే ఆప్షన్లు పెట్టేటప్పుడు సీటు రెగ్యులరా, విద్యార్థుల ఫీజులతో నడిచే సెల్ఫ్ సపోర్టింగా అన్నది జాగ్రత్తగా చూడండి. కోర్సు పేరు ఒకటే అయినా ఫీజులో చాలా తేడా ఉంటుంది, ఫీజు రీయింబర్స్‌మెంటు వర్తించేదీ లేనిదీ ముందే విచారించాలి.

మహిళా విశ్వవిద్యాలయం 1983లో ఎన్.టి. రామారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ఏర్పడింది. ప్రాంగణం చిన్నది, విద్యార్థినులు తక్కువ, మీరు కోరుకుంటున్న పేరు పెట్టి పిలిచే పరిచయం అక్కడ త్వరగా దొరుకుతుందని నా స్నేహితురాళ్లు అంటారు. అన్నట్టు, అక్కడ పట్టుపరిశ్రమ శాఖ కూడా ఉంది, మీ వృత్తికి దగ్గరిది కదా అని చెబుతున్నాను. దాన్ని రెండో ఆప్షనుగా పెట్టడానికి నాకు ఏ అభ్యంతరమూ కనిపించదు. అయితే ఆడపిల్ల కాబట్టి అన్న ఒక్క కారణంతో మొదటిదాన్ని పక్కన పెట్టకండి. అమ్మాయికి ఏ అంశం మీద ఆసక్తి ఉందో దానికి ఎక్కడ మంచి ఆచార్యులున్నారో చూసి తేల్చుకోండి.

పెద్ద విశ్వవిద్యాలయంలో నాకు బాగా కలిసివచ్చింది చుట్టూ ఉన్న విషయ వైవిధ్యం. నేను చదివేది కెమిస్ట్రీ. హాస్టల్‌లో నా గదిలో ఉన్నవారిలో ఒకరు జనాభా అధ్యయనం, ఇంకొకరు సంస్కృతం. సంస్కృతం అమ్మాయి వెంట ప్రాచ్య పరిశోధన సంస్థకు వెళ్లి తాళపత్రాలు చూశాను. తిరుమల తిరుపతి దేవస్థానం 1939లో స్థాపించి, తరువాత విశ్వవిద్యాలయానికి అప్పగించిన సంస్థ అది. ఆకుల మీద అక్షరాలు కనిపించడానికి రాసే నూనె, మసి గురించి అక్కడ విన్నది నాలోని కెమిస్టుకు చాలా ఆసక్తి కలిగించింది. మీరు చిత్తూరు నుంచి తిరుపతికి వచ్చే దారిలో గాదంకి దగ్గర వాతావరణాన్ని పరిశోధించే ఎమ్మెస్టీ రాడార్ ఉంది. దాని సమాచారం మీద పనిచేసే ప్రత్యేక కేంద్రం మన వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఉంది. ఏర్పేడు వైపు వెళితే 2015లో మొదలైన ఐఐటీ, ఐసర్ (సైన్సు విద్య, పరిశోధన సంస్థ) ఉన్నాయి. ఒకే బస్సు టికెట్ దూరంలో ఇన్ని ఉన్న ఊరు మన సీమలో ఇంకొకటి లేదు.

జాతీయ అర్హత పరీక్ష నెట్ గురించి కూడా ఒక మాట. సైన్సు విద్యార్థులు రాసే సీఎస్ఐఆర్ నెట్‌లో జేఆర్ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు ఇస్తున్నారు. దానికి మా బృందం చేసిన పని చాలా సాదాసీదాగా ఉండేది. రాత్రి భోజనం తరువాత ఐదారుగురు కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో పాత ప్రశ్నపత్రాన్ని మిగతావారికి విప్పి చెప్పడం. ఇంగ్లిషులో చెప్పలేనివారు తెలుగులో చెప్పేవారు, ఎవరూ నవ్వేవారు కాదు. మీ అమ్మాయి నోరు అలాంటి చోట తెరుచుకుంటుంది అన్నా. యాభై మంది తరగతిలో తెరుచుకోవాలని పట్టుబట్టకండి.

పలమనేరు రైతు

పురుగులు గూడు కట్టే వారం కావడంతో వెంటనే కదలలేకపోయాను. పంట దించి, గూళ్లు మార్కెట్‌కు వేసి, నిన్న అమ్మాయిని తీసుకొని తిరుపతి వెళ్లి వచ్చాను. అధ్యాపకులు గారు చెప్పినట్టు శాఖ గుమ్మం దాకా వెళ్లి నేను చెట్టు కింద ఆగిపోయాను. లోపలికి ఒక్కతే వెళ్లింది. పావుగంటలో వస్తుందనుకుంటే గంటంబావు తరువాత వచ్చింది. ఎవరో పరిశోధన చేసే అమ్మాయి లోపలికి పిలిచి, యంత్రాలు చూపించి, కాలమ్ ఎలా వేస్తారో నిలబెట్టి చెప్పిందట. ఆర్గానిక్‌లో ఎవరెవరు ఏ పాఠాలు చెబుతున్నారో ఒక కాగితం మీద రాసుకొని వచ్చింది. తిరుగు ప్రయాణంలో చంద్రగిరి దాటేదాకా మాట్లాడుతూనే ఉంది. డిగ్రీ మూడేళ్లలో ఇది ఇన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడగా నేను వినలేదు.

రేపు ఉదయం మొదటి ఆప్షనుగా శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, రెండోదిగా మహిళా విశ్వవిద్యాలయం పెడుతున్నాము. దగ్గరి కళాశాలను మూడో స్థానంలో ఉంచాము. ఫైలు ఒకటి కొన్నాను, పీజీసెట్ ర్యాంకు కార్డు నకలు అందులో మొదటి కాగితం. హాస్టల్ దరఖాస్తుకు సీటు కేటాయింపు ఉత్తర్వుతో పాటు ఇంకా ఏమేమి పత్రాలు అడుగుతారో ఇటీవల చేరినవారు ఎవరైనా రాస్తే, ఆదాయ ధ్రువీకరణ పత్రం వంటివి ఈ వారంలోనే మా ఊరి సచివాలయంలో తీసుకుంటాను.